జర ఆగుర్రి, పలక వస్తాంది

మక్సూద్ భాయ్‌కి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరైనా ఏదైనా కొనబోతే చూస్తూ ఊరుకోలేడు. ఓర్వలేక కాదు పాపం, "జర ఆగుర్రి, కొత్తది వస్తాంది" అని చెప్పకపోతే ఆయనకు అన్నం సయించదు. రామన్నపేట బస్టాండుకు ఎదురుగా రేడియోలు, గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఆయనది. దాని ముందు నుంచి ఏదో కొనడానికి బయలుదేరిన మనిషి, చాలాసార్లు వట్టి చేతులతోనే ఇంటికి చేరేవాడు.

ఊళ్లోకి నలుపు తెలుపు టీవీలు వచ్చినప్పుడు, "రంగులది వస్తాంది, ఆగుర్రి" అన్నాడు. రంగులది వచ్చింది. "మంచంల పండుకొని మీట నొక్కేది వస్తాంది" అన్నాడు. అదీ వచ్చింది. ఇప్పుడైనా కొంటాడని ఆయన భార్య లాడ్లీ బేగం గోడకు సున్నం వేయించి, బల్ల తుడిచి, టీవీకి జాగా సిద్ధం చేసింది. మక్సూద్ భాయ్ ఆ జాగా ముందు నిలబడి చాలాసేపు మురిసిపోయాడు. "క్యాలెండర్ లెక్క గోడకు తగిలించే టీవీ వస్తదట లాడ్లీ. అప్పుడు గింత జాగా గూడ అక్కర్లె" అన్నాడు. మర్నాడు ఆమె ఆ బల్లమీద ఉల్లిగడ్డల గంప పెట్టింది.

ఆ ఇంట్లో కొట్లాటలు తెలుగులో, రాజీలు ఉర్దూలో జరిగేవి. వీధంతా కొట్లాటలే వినేది కాబట్టి, వాళ్లకు ఉర్దూ అంతంతమాత్రమే వచ్చనుకునేది.

అయినా ఆయన మీద కోపం నిలిచేది కాదు. "వస్తాంది" అనేటప్పుడు ఆయన కళ్లు సగం మూతపడేవి. చేతిలో స్క్రూడ్రైవర్ ఎక్కడిదక్కడ ఆగిపోయేది. ఎదుటి మనిషిని దాటి, బస్టాండును దాటి, జొన్నచేలను కూడా దాటి ఎటో చూసేవాడు. ఆ వచ్చేదేదో చిట్యాల రోడ్డు మీద అప్పుడే కనిపిస్తున్నట్టు ముఖం వెలిగిపోయేది. వినేవాళ్లు కూడా ఒకసారి వెనక్కి తిరిగి రోడ్డు వంక చూసేవాళ్లు.

ఆయనంటే హడలిపోయేది మాత్రం రఘుపతి. ఫ్యాన్లు, మిక్సీలు, టీవీలు అమ్మే దుకాణం ఆయనది. ఒక దసరాకు చేతులు జోడించుకుని వచ్చాడు.

"నీకు దండం పెడ్త భాయ్. గీ నాలుగు దినాలు నోరు మూసుకో."

"నేనేమన్ననే రఘుపతీ? వచ్చే ఏడు ఫ్యాన్లు చప్పుడు జెయ్యయట అన్న. గంతే."

"గా మాటకే గా పెద్దమనిషి లేశి పోయిండు!"

"పోనియ్యి. పాత ఫ్యాను నేను బాగుజేసి ఇచ్చిన. మంచిగ తిరుగుతాంది."

ఇట్లా ఉండగా తొంభై రెండులో పదో తరగతి ఫలితాలు వచ్చాయి. లాడ్లీ బేగం పక్కింట్లో మగ్గం నేసే భిక్షం కూతురు యాదలక్ష్మి బడికంతా మొదటి మార్కు తెచ్చుకుంది. సన్మానం రోజున హెడ్మాస్టర్, "ఇక రాబోయేదంతా కంప్యూటర్ల కాలం" అన్నారో లేదో, ఎన్నడూ నలుగురిలో నోరు విప్పని భిక్షం లేచి మైకు దగ్గరికి నడిచాడు. "మా బిడ్డకు దసరాకల్లా కంప్యూటర్ కొనిస్త" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. నేతగాళ్ల సొసైటీలో గుమాస్తా అరచేతిలో పెట్టుకుని టకటకా నొక్కుతాడే, లెక్కలు చేసే ఆ చిన్న యంత్రం, అదే కంప్యూటర్ అని భిక్షం నమ్మకం. నాలుగు చీరలు ఎక్కువ నేస్తే వచ్చేస్తుందనుకున్నాడు.

మర్నాడు భిక్షం రఘుపతి దుకాణానికి వెళ్లి, "కంప్యూటర్ జర చూపెట్టు" అన్నాడు. రఘుపతి హైదరాబాద్ నుంచి వచ్చిన బొమ్మల కాగితం ముందు పరిచాడు. టీవీ అంత పెట్టె, దాని కింద ఇంకో పెట్టె, ముందు మీటలు. అవన్నీ పెట్టడానికి చల్లటి అర్ర ఒకటి కావాలట. ధర గట్టిగా చెప్పడానికి రఘుపతికే నోరు రాక చెవిలో చెప్పాడు. భిక్షం ఆ రోజు ఇంటికి ఎట్లా చేరాడో ఆయనకే తెలియదు.

ఇక వీధిలోకి వస్తే చాలు, "ఏమన్నా, కంప్యూటర్ ఎప్పుడొస్తాంది?" అని పలకరింపు. ఎవరూ ఎగతాళికి అడగలేదు, సంబరంగానే అడిగారు. అదే ఆయనకు మరీ కష్టంగా ఉండేది. కాటమయ్య చాయ హోటల్‌కు పోవడం మానేశాడు. వారం తిరగకముందే భిక్షం భార్య నర్సింగమ్మ కళ్లు తుడుచుకుంటూ లాడ్లీ బేగం గడప ఎక్కింది.

"మగ్గం అమ్ముతడట లాడ్లీ. భువనగిరి నుంచి మగ్గాలు కొనే మల్లప్ప బేస్తవారం వస్తడట."

"మగ్గం అమ్మితే ఏం తింటరక్కా?"

"కూలికి పోదమంటడు. పదిమందిల మాటన్న, మాట తప్పితే గీ ఊళ్లె ఎట్ల తిరుగుత అంటడు. బిడ్డ వద్దన్నా వింటలేడు. నేను జెప్తే నా మీదికే లేస్తాండు."

లాడ్లీ బేగం చేతిలోని చేట కింద పెట్టి తిన్నగా భర్త కొట్టుకు నడిచింది. మక్సూద్ భాయ్ ఎవరో హైదరాబాద్ మనిషి రేడియోతోపాటు వదిలేసిపోయిన ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని బొమ్మ చూస్తున్నాడు. విషయమంతా విన్నాడు. "ఊ" అన్నాడు. తర్వాత పుస్తకం ఆమె వైపు తిప్పాడు.

"గిది చూడు లాడ్లీ. పలక! కంప్యూటరే, గని పలక లెక్క ఉంటది. సంకల పెట్టుకొని పోవచ్చు. మీటలు లెవ్వు, ఏం లెవ్వు. బలపం అసువంటిది పెట్టి రాస్తే అచ్చక్షరాలైతయట."

"పక్కింట్ల మగ్గం పోతాంటే నీ పలక ముచ్చట ఏందయ్యా! పోయి భిక్షమన్నకు నాలుగు మాటలు జెప్పు. అమ్మకుమని జెప్పు."

"చెప్త, చెప్త" అన్నాడాయన. కళ్లు అప్పటికే సగం మూతపడ్డాయి.

చెప్పాడు. కాకపోతే భిక్షంకు కాదు, ఊరికి చెప్పాడు. సోమవారం పొద్దున కాటమయ్య హోటల్‌లో ఆ పుస్తకం తెరిచి బల్లమీద పెట్టి, "పెట్టె కంప్యూటర్ల పనైపోయింది. పలక వస్తాంది" అని ప్రకటించాడు. గంటలో హోటల్ నిండిపోయింది. జామపండ్ల జంగమ్మ గంప అరుగుమీద దించి లోపలికి తొంగిచూసింది.

"భాయ్, మా మనుమడు పలకను ఉమ్మేసి తుడుస్తడు. గీ పలకను గట్లనే తుడ్వచ్చునా?"

మక్సూద్ భాయ్ పుస్తకంలో బొమ్మను దగ్గరికి జరుపుకుని చూశాడు. "కరంటు పలక జంగమ్మా. ఉమ్మేస్తే షాక్ కొడతది. దానంతటదే తుడుసుకుంటది."

"మరి బలపమో? మా కోడలు కడుపుతోని ఉన్నది. ఇంట్ల బలపం కండ్లవడితే సాలు, నములుతది. గా కరంటు బలపం నమిలితే ఏంగావాలె?"

ఇది ఎవరికీ తట్టని చిక్కు. మక్సూద్ భాయ్ గ్లాసు కింద పెట్టాడు. "గందుకే ఆగుమంటున్న. ముందుగాల వచ్చేది కొనొద్దు. దాని తర్వాతి దాంట్ల బలపాన్ని తాడుతోని కట్టేస్తరు."

కాటమయ్య చాయ వడపోస్తూ, "తెలుగు గిటు దిక్కుకెళ్లి రాస్తరు, ఉర్దూ గటు దిక్కుకెళ్లి. రెండు దిక్కుల రాస్తే దానికి పిచ్చి లేవదా భాయ్?" అన్నాడు.

"తెలివిగలది. ఎవరు పట్టుకున్నరో చేతిని బట్టి గుర్తుపడతది."

రఘుపతి ఇక తట్టుకోలేకపోయాడు. "గింతకు ఎప్పుడొస్తదో జెప్పు!"

"వస్తాంది."

"ఎప్పుడు భాయ్? తారీఖు జెప్పు."

"బయలెల్లింది" అన్నాడు మక్సూద్ భాయ్, కిటికీలోంచి చిట్యాల రోడ్డు వైపు చూస్తూ. రఘుపతి కూడా మెడ తిప్పి రోడ్డు వంక చూశాడు.

మూడు రోజులు ఊళ్లో ఇదే గొడవ. వానలో తడిస్తే ఏమవుతుంది? కింద పడితే మూల పగులుతుందా? పగిలిన పలకమీద రాస్తే సగం అక్షరాలే వస్తాయా? అసలు కొనడం దండగా, లాభమా? కొందరు మొదటి పలకే కొనాలన్నారు, కొందరు తాడున్నది వచ్చేదాకా ఆగాలన్నారు. ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. ఇప్పుడు పెట్టె కంప్యూటర్ కొనేవాడంత పిచ్చోడు ఇంకొకడు ఉండడు. లాడ్లీ బేగంకు మాత్రం ఒళ్లు మండిపోయింది. పక్కింటి పొయ్యి ఆరిపోయేటట్టున్నది, ఈయన బలపానికి తాడు కడుతున్నాడు!

బేస్తవారం మల్లప్ప బండి భిక్షం ఇంటిముందు ఆగింది. మగ్గం విప్పి తీసుకుపోవడానికి ఇద్దరు మనుషులను కూడా తెచ్చాడు. భిక్షం మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు, మగ్గం కర్ర మీద చెయ్యి వేసి. లాడ్లీ బేగం ఇక మొగుణ్ని నమ్ముకుంటే లాభం లేదని, తానే నాలుగు మాటలు అందామని పరుగున వెళ్లింది. వెళ్లేసరికి వాకిలి నిండా జనం. ముందు జంగమ్మ.

"ఏం భిక్షమా, మతి గిన పోయిందా? గిప్పుడు కంప్యూటర్ కొంటవా? పలక వస్తాంటే!"

కాటమయ్య అందుకున్నాడు. "చదువుకున్న బిడ్డకు పాతది ఇస్తవానే? మాటిచ్చినోడివి, మంచిది కొనియ్యాలె. దసరా కాకుంటే వచ్చే దసరా."

"ఎవడన్న కొన్నడంటే ఊరే నవ్వుతది" అన్నాడు ఇంకెవరో.

భిక్షం తలెత్తి ఒక్కొక్కరి ముఖమే చూశాడు. వీళ్ల ముఖాలు తప్పించుకునే కదా వారం నుంచి ఇంట్లో దాక్కున్నాడు!

"నేను గూడ గదే అనుకుంటున్న. కొంటే మంచిదే కొనాలె. ఆగుత" అన్నాడు. వెనకనుంచి మల్లప్ప కూడా, "అవునే, నేను గూడ విన్న. తాడున్నది వచ్చేదాక ఆగు" అని, తను దేనికి వచ్చాడో మర్చిపోయి, నర్సింగమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, ఖాళీ బండితో భువనగిరి దారి పట్టాడు. మధ్యాహ్నానికి మగ్గం చప్పుడు మొదలైంది. వీధిలో అందరికీ ప్రాణం లేచివచ్చింది.

లాడ్లీ బేగం గోడవతల నిలబడి ఆ చప్పుడే వింటుంటే యాదలక్ష్మి వచ్చి పక్కన నిలబడింది.

"చాచీ, మక్సూద్ చిచ్చాకు జెప్పు, పని అయిందని."

"ఏం పని?"

"నేనే పోయి అడిగిన. చిచ్చా, నాకు కంప్యూటర్ వద్దు, పాలిటెక్నిక్‌ల అర్ర నిండ ఉన్నయట, ఆడనే నేర్చుకుంట అన్న. బాపు నా మాట వింటలేడు, ఆయన మాట పోకుంట మగ్గం ఆపాలె అన్న. చిచ్చా నవ్వి, గంతేనా, నాకు వచ్చింది గదొక్కటే గద బిడ్డా అన్నడు."

లాడ్లీ బేగం అక్కడే అరుగుమీద కూలబడింది. ఇన్నేళ్లలో వీధి ఆడవాళ్లు "మీ ఇంట్ల టీవీ లేదా?" అని అడిగినప్పుడల్లా, "మా ఆయన కొత్తది వచ్చేదాక ఆగుమన్నడు" అని తల ఎత్తుకుని చెప్పేది తను. లేదని, కొనలేమని ఒక్కనాడూ నోటితో అనవలసిన అవసరం రాలేదు. ఆ మాట ఎంతమందికి అక్కరకొచ్చి ఉంటుందో! ఏడుపు వస్తుందేమో అనుకుంది, కానీ నవ్వు వచ్చింది. "ముసలి దొంగ!" అని పైకే అనేసింది.

రెండు రోజుల తర్వాత నీళ్ల నల్లా దగ్గర, కొత్తగా ఆ వీధికి కిరాయికి వచ్చిన ఒకామె నర్సింగమ్మను పట్టుకుంది. "ఏమక్కా, కంప్యూటర్ కొంటమన్నరట. కొననే లేదా?" నర్సింగమ్మ ముఖం చిన్నబోయింది. లాడ్లీ బేగం బిందె దించి కొంగు నడుముకు దోపింది.

"ఎవరన్న గిప్పుడు కొంటరా చెల్లె? పలక వస్తాంది. నీకు తెల్వదా?"

"రాసేదేగా? విన్న."

"రాసుడే గాదు. చదువుతది గూడ! చదువు రానోళ్లు దాని ముందట కాగితం పెడితే సాలు, ఏం రాసున్నదో నోటితోని చదివి వినిపిస్తది. గది వచ్చేదాక మా నర్సింగమ్మక్క ఆగుతాంది."

ఆ ముక్క ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు. తెలుగు అక్షరం ఒక్కటి రాదు తనకు. ఎన్నేళ్లుగా ఎక్కడ ఉందో ఆ కోరిక, నల్లా దగ్గర నోట్లోంచి దూకింది. కొత్తామె బిందె నిండి పొర్లుతున్నా నోరు తెరిచి వింటూ నిలబడింది.

పొద్దు వాలుతుండగా మక్సూద్ భాయ్ కొట్టు మూసి, దాదాపు ఉరుక్కుంటూ ఇంటికి వచ్చాడు. చెప్పులు ఒకటి గడప లోపల, ఒకటి బయట వదిలాడు.

"లాడ్లీ! విన్నవా? కాటమయ్య హోటల్ల జెప్పుకుంటున్నరు. పలక చదివి గూడ వినిపిస్తదట! పుస్తకంల గీ ముచ్చట రాయలె. నాకే తెల్వలె!"

ఆ మాట పుట్టించింది తనేనని లాడ్లీ బేగం చెబుదామనుకుంది. నోరు కూడా తెరిచింది. కానీ ఆయన కళ్లు సగం మూతపడ్డాయి, ముఖం వెలిగిపోతోంది.

"సచ్?" అంది నెమ్మదిగా, నిజమా అని ఉర్దూలో.

"సచ్. గది మాత్రం కొందాం లాడ్లీ. ఎవరేమన్నా సరే, వచ్చిననాడే కొందాం. నువ్వు ముందుగాల ఏం చదివిపిచ్చుకుంటవ్?"

పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆయన నోటి నుంచి "కొందాం" అన్న మాట రావడం అదే మొదలు. లాడ్లీ బేగం ఆయన పక్కనే గడపమీద కూర్చుంది.

"బస్సుల బోర్డులు" అంది. "ప్రతిసారి భువనగిరి అనుకొని చిట్యాల బస్సెక్కుతున్న."

మక్సూద్ భాయ్ తల ఊపాడు. బస్సు బోర్డు చదవాలంటే పలకను ఎంత ఎత్తున పట్టుకోవాలో, ఆ తోపులాటలో కిందపడకుండా ఎవరు పట్టుకోవాలో ఇద్దరూ మాట్లాడుకుంటూ కూర్చున్నారు. పక్కింట్లో మగ్గం ఆడుతూనే ఉంది.