ఫలితం రాకముందే పెట్టిన కూడిక

విజయనగరంలో మేం అద్దెకుంటున్న ఇంటి మేడ మీద పోయిన ఆదివారం సాయంత్రం ప్రార్థన కూడిక జరిగింది. పెద్ద గిన్నెలో అల్లం దంచి వేసి మరిగిస్తున్న టీ వాసన మెట్ల మీదుగా మా గుమ్మంలోకి దిగింది. వెనకే కంజీర మోత, చప్పట్లు, కాస్త శ్రుతి తప్పిన ఆడగొంతులు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నదాన్ని కలం పక్కన పెట్టేశాను. ఆ వాసన తగిలితే నాకు ముందు రత్నకుమారి మేడమ్ గుర్తొస్తారు, ఆ వెంటనే ఆవిడ మీద కోపం గుర్తొస్తుంది. ఈ రెండూ నాకు ఎప్పుడూ విడివిడిగా రాలేదు.

గరివిడికి దగ్గర్లోని మా ఊరి హైస్కూల్లో మేడమ్ తెలుగు చెప్పేవారు. మా వీధి చివరే ఆవిడ ఇల్లు. తాతల కాలం నుంచీ బాప్టిస్టు మిషన్ చర్చికి వెళ్ళే కుటుంబం. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆరో తరగతిలో ముందు బెంచీలో నా చోటు తీసి, బోర్డు ఆనడం లేదన్న ఇంకో పిల్లకు ఇచ్చారు. ఆ పిల్ల తర్వాత కళ్ళజోడు పెట్టుకుంది. నా చోటు మాత్రం నాకు తిరిగి రాలేదు. ఎనిమిదో తరగతిలో జెండా పండగకి ఉపన్యాసం మొత్తం నాచేత బట్టీ పట్టించి, ఆ పొద్దున నా గొంతు బొంగురుపోయిందని వేరే పిల్లను నిలబెట్టారు. బొంగురుపోయింది నిజమే, ఆ ఉపన్యాసం వారం రోజులు అరిచి అరిచి సాధన చేస్తే పోదా? ఈ సంగతులు నేను ఆవిడకు అప్పుడప్పుడూ గుర్తుచేసేదాన్ని. ఆవిడ నవ్వేవారు. "పైడీ, నువ్వు కూరలో ఉప్పెయ్యడం మర్చిపోతావేమో గానీ, ఒకలన్న మాట మర్చిపోవే" అనేవారు. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు.

పదో తరగతిలో ఉండగా విశాఖపట్నంలోని ఒక ట్రస్టు వాళ్ళు వ్యాసరచన పోటీ పెట్టారు. మొదటి బహుమతి వచ్చినవాళ్ళకి ఇంటర్ రెండేళ్ళూ స్కాలర్‌షిప్. మా నాన్న అప్పటికే నా సంగతి తేల్చేశాడు. గజపతినగరంలో మా మేనమామకి బట్టల కొట్టు ఉంది, పరీక్షలయ్యాక అక్కడ కూర్చోవాలి. పోటీ సంగతి చెప్తే, "స్కాలర్‌షిప్ వస్తే ఇజీనారం కాలేజీకి పంపిత్తాను, పో" అన్నాడు. రాదన్న ధీమాతో అన్న మాట అది. ఆయన ముఖంలో ఆ ధీమాను నేను చూశాను. ఆ రోజు నుంచే నెగ్గాలన్న పంతం పట్టుకుంది.

మీరు మార్చాలనుకుంటున్న ఒక విషయం గురించి రాయమన్నారు. మా బడిలో ఆడపిల్లల బాత్రూమ్ తలుపుకి గొళ్ళెం లేదు. దాని గురించి రాసి మేడమ్‌కి తీసుకెళ్ళి ఇచ్చాను. నిలబడే చదివారు, కాగితం తిరిగి నా చేతిలో పెట్టారు.

"ఇది తిట్టడమే, వ్యాసం కాదు" అన్నారు.

"తిట్టకపోతే ఎలా మేడమ్? మూడేళ్ళ నుంచి అడుగుతన్నాం, ఒక్కలూ పట్టించుకోలేదు."

"నీకు కోపం వచ్చిందని తెలుస్తన్నాది. ఎందుకొచ్చిందో తెలీడం లేదు. ఆ తలుపు దగ్గర ఏటవుతాదో ముందది సెప్పు. కోపం సదివినోలకి వస్తాది. నీ వంతు కూడా నువ్వే కోప్పడేస్తే వాళ్ళకేటి మిగుల్తాది?"

ఇంటికెళ్ళి మళ్ళీ రాశాను. ఒకతె లోపలికి వెళ్తే ఇంకొకతె బయట నిలబడి తలుపు పట్టుకోవాలని, తోడు రావడానికి ఎవరూ దొరకని రోజున పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా ఉంటామని, లెక్కల పీరియడ్‌లో తల తిరిగి పడిపోయిన పిల్లను అందరూ తిండి తినలేదనుకున్నారని రాశాను. ఈసారి ఆవిడ కూర్చుని చదివారు. బాగుందని ఒక్క మాట అంటే ఏం పోయేదో నాకిప్పటికీ తెలియదు. కవర్లో పెట్టి, అంటించి, మర్నాడు తానే పోస్టు చేశారు.

వేసవి సెలవులకల్లా ఫలితాలు చెప్తామన్నారు. సెలవులొచ్చాయి, పదో తరగతి ఫలితాలు కూడా వచ్చేశాయి, వాళ్ళ కబురు మాత్రం రాలేదు. కబురేదైనా మేడమ్ ఫోనుకే రావాలి. రోజూ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళేదాన్ని. ఆవిడ వసారాలో చింతపండు రాశి పోసుకుని కూర్చునేవారు.

"ఏటైనా వచ్చిందా మేడమ్?"

"చింతపండొచ్చింది. కూకుని గింజలు తియ్యి."

"ఫోను సూడండొకసారి."

"సూస్తే వస్తాదా? చెయ్యి ఆడించు. ఊరికే ఎదురుచూసినోలకి పిచ్చెక్కుతాది."

అలా ఆ ఏడాది ఆవిడ చింతపండంతా నేనే గింజలు తీశాను. ఇది కూడా నేను మర్చిపోలేదు. ఈలోగా గజపతినగరం నుంచి మా మేనమామ రెండుసార్లు ఫోన్ చేశాడు. కొట్లో పెళ్ళిళ్ళ బేరాలు మొదలవుతున్నాయట, పిల్లని ఎప్పుడు పంపుతావని. జూన్ మొదటి వారంలో పంపిస్తానని నాన్న మాటిచ్చేశాడు.

సరిగ్గా ఆ సమయంలో మేడమ్ తమ ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. మా వీధిలో ఆ కూడికలు అందరికీ అలవాటే. చర్చికి వెళ్ళనివాళ్ళను కూడా పిలుస్తారు, అందరూ వెళ్తారు. కొడుక్కి ఉద్యోగం వచ్చాకో, ఆపరేషనైన మనిషి లేచి తిరిగాకో, బోరు తవ్వితే నీళ్ళు పడ్డాకో పెడతారు. పని అయ్యాకే తప్ప, కాకముందు ఎవరూ పెట్టరు. మేడమ్ ఇంటింటికీ వెళ్ళి, "మన పైడి వ్యాసం రాసింది కదా, దానికోసం కూడిక. తప్పకుండా రండి" అని పిలిచారు. ఇంకేముంది, నేను నెగ్గానని ఊరు ఊరంతా అనుకుంది.

ఆ సాయంత్రం వాకిట్లో పట్టాలు పరిచారు. పైడితల్లమ్మకి మొక్కుకున్న మా అమ్మ ఇక్కడికీ వచ్చి ముందు వరసలో కూర్చుంది. నాన్న పట్టా చివర, లేచిపోవడానికి వీలుగా కూర్చున్నాడు. పాటలయ్యాక పాస్టరుగారు కళ్ళు మూసుకుని, "ఈ బిడ్డకి నీవిచ్చిన విజయానికి స్తోత్రం" అన్నారు. నేను కళ్ళు తెరిచి మేడమ్ వంక చూశాను. ఆవిడ కళ్ళు మూసుకునే ఉన్నారు. అల్లం టీ ఇస్తున్నప్పుడు జనం ఒక్కొక్కరే వచ్చి మా నాన్న చెయ్యి పట్టుకుని ఊపారు. ఫ్యాక్టరీలో ఆయనతో పాటు డ్యూటీ చేసే ఆయన, "అదృష్టవంతుడివి బావా. అయితే ఇజీనారం పంపితన్నావన్నమాట" అన్నాడు. నాన్న నా ముఖం చూశాడు, గ్లాసు చూశాడు. "మరి పంపక? సదువుకున్న పిల్లని కొట్లో కూకోబెడతామేటి?" అన్నాడు.

జనం వెళ్ళాక మేడమ్‌ని పట్టుకున్నాను. "ఫలితం రాకుండా కూడికేటి మేడమ్? అందరూ నెగ్గాననుకుంటన్నారు."

"నువ్వు రాసినందుకు పెట్టాను. నెగ్గినావని నేను ఎవలికైనా సెప్పానా?"

"నెగ్గలేదనీ సెప్పలేదు."

"నన్ను ఎవలూ అడగలేదు మరి" అని గిన్నె కడగడానికి వెళ్ళిపోయారు.

తర్వాతి వారమే కబురొచ్చింది. స్కాలర్‌షిప్ ఇంకో జిల్లా అమ్మాయికి వెళ్ళింది. నాకు పాల్గొన్నందుకు ఒక సర్టిఫికెట్ పంపుతామన్నారు. ఆ అమ్మాయి పేరు నాకిప్పటికీ గుర్తుంది. ఆమె తప్పేమీ లేదని తెలుసు, అయినా గుర్తుంది. ఇంటికెళ్ళి, డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటున్న నాన్నకి నిలబడే చెప్పాను.

"ఇప్పుడేటి సేద్దాం?" అంది అమ్మ.

నాన్న చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఊరంతా సెయ్యి పట్టుకుని ఊపేసినారు. ఫ్యాక్టరీలో అందరికీ సెప్పేసినాను. ఇప్పుడు నిన్ను కొట్లో కూకోబెట్టి నా మొఖం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు. మజ్జిగ పోయించుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని మా మేనమామకి ఫోన్ చేసి, ఇంకెవరినైనా చూసుకోమన్నాడు. విజయనగరంలో ప్రభుత్వ కాలేజీలో సీటు, హాస్టల్లో చోటు దొరికాయి. స్కాలర్‌షిప్ లేకుండానే పని జరిగిపోయింది.

సంతోషించాల్సిందే. నాకు మాత్రం కడుపు మండింది. నా రాతకి కాదు, నాన్న పరువుకి దొరికిన చదువు ఇది. ఆ మాటే మేడమ్ దగ్గరికెళ్ళి అన్నాను.

"అయితే ఎళ్ళకు" అన్నారావిడ.

"ఎల్తాను."

"మరి కోపమేటి?"

"కోపం కోపమే."

"ఉండనీ. హాస్టల్లో పనికొస్తాది" అని ఊరగాయ సీసా ఒకటి గుడ్డలో చుట్టి చేతికిచ్చారు.

ఆ తర్వాత డిగ్రీ, పీజీ, జూనియర్ కాలేజీలో ఉద్యోగం. కాలేజీ తరఫున నేను పెట్టిన అర్జీలు చాలా ఉన్నాయి. నీళ్ళ ట్యాంకు గురించి ఒకటి, బస్సు మా స్టాపులో ఆపకపోవడం గురించి ఒకటి, ఇంకా ఎన్నో. ప్రతిదాంట్లోనూ ముందు ఏం జరిగిందో రాస్తాను. కోపం నా దగ్గరే అట్టేపెట్టుకుంటాను. చాలావరకు పనులు జరిగాయి.

మేడమ్ పోయే ముందు వేసవిలో చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద దిండు ఆనుకుని కూర్చున్నారు. పెద్ద గొంతు చిన్నదైపోయింది. ఇన్నేళ్ళూ దాచుకున్న ప్రశ్న అడిగేశాను. "మేడమ్, ఆ రోజు నాన్న అందరి ముందూ మాటిస్తాడని తెలిసే కూడిక పెట్టారా?"

ఆవిడ ఆ ప్రశ్న విననట్టే, "ఆ ట్రస్టోళ్ళు ప్రతి ఏడూ బడికి కేలెండర్ పంపుతారు. తెల్సునా?" అన్నారు.

"తెలీదు."

"నేను రిటైరయ్యేదాకా గోడకి తగిలించనివ్వలేదు. హెడ్మాస్టర్లు ముగ్గురు మారినారు. ముగ్గురూ అడిగినారు. సెప్పలేదు." ఊపిరి తీసుకోవడానికి ఆగారు. "అంత బాగా రాసిన పిల్లకి సర్టిఫికెట్ పంపుతారా?"

నన్నెప్పుడూ ఎవరన్న మాటా మర్చిపోవని దెప్పిన మనిషి ఆవిడ. తనకు జరిగినవేవీ ఆవిడ మనసులో పెట్టుకోగా నేను చూడలేదు. నా కోసం ఒక్క కోపాన్ని మాత్రం అంత కాలం, ఎవరికీ చెప్పకుండా పెట్టుకున్నారు. బాగుందన్న మాట కూడా అప్పుడే మొదటిసారి విన్నాను. ఆలస్యంగా చెప్పినందుకు కోప్పడదామనుకున్నాను, లేచి ఆవిడ వెనక దిండు సర్దాను.

ఆ కేలెండర్ ఇప్పుడు మా కాలేజీకీ వస్తుంది. మా పిల్లల వ్యాసాలు ప్రతి ఏడూ ఆ పోటీకి పంపుతాను. పంపేముందు ఒక్కొక్కరినీ పిలిచి, బాగుంటే బాగుందని ఎదురుగానే చెప్తాను. కేలెండర్ మాత్రం చుట్ట విప్పకుండా బీరువా మీద పడేస్తాను. ఎందుకని ప్రిన్సిపాల్ రెండుసార్లు అడిగారు. చెప్పలేదు.