వర్జ్యం దాటేదాకా

మా మేనత్త పోయింది. ఒంట్లో బాగోక పోయిందని మా వీధిలో అందరూ అంటున్నారు. కాదు. ఆస్పత్రికి వెళ్ళడానికి మంచి ఘడియ కోసం ఆపితే పోయింది. ఎవరేమనుకున్నా ఈ మాట నేను మింగను.

అమ్మ లేని నన్ను పెంచింది ఆవిడే. నర్సీపట్నంలో ఒక ఆడపిల్లల బడిలో కుట్టుపని టీచరు. జాకెట్టు భుజానికి దారం ఎక్కించిన సూది ఎప్పుడూ ఉండేది. ఇంటికొచ్చాక తీయడం మర్చిపోయేది, నన్ను దగ్గరకి తీసుకుంటే గుచ్చుకునేది.

ప్రార్థనలో ఎండకి పిల్లలెవరైనా కళ్ళు తిరిగి పడిపోతే ముందు పరిగెత్తేది ఆవిడే. నీడలో కూర్చోబెట్టి, "నీ పేరు సెప్పు. రెండు సేతులూ ఎత్తు" అనేది. ఆ రెండూ చేస్తే మజ్జిగ పట్టించేది. తర్వాత అదే బడిలో టీచరుగా చేరిన నాకూ నేర్పింది. "మాట ముద్దగా వచ్చినా, సెయ్యి లేవకపోయినా ఇంక కబుర్లొద్దు. బేగి రిచ్చా పిలవండి."

ఆ రోజు నేను బడి నుంచి వచ్చేసరికి మంచం మీద ఉంది. పక్కన కోసిన నిమ్మచెక్క. చేతిలోంచి గ్లాసు జారిందట, చీరంతా నీళ్ళు. తల తిరిగిందని చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. ఆవిడకి తెలిసిపోయింది. కుడిచేత్తో ఎడమచేతిని పైకెత్తి నాకు చూపించి వదిలేసింది. అది కింద పడిపోయింది.

మావయ్య పంచాంగం ముందు నుంచి కదల్లేదు.

"పైత్యమేనే. నిమ్మరసం ఇచ్చేను కదా. ఇప్పుడు వర్జ్యం నడుస్తంది, గుమ్మం దాటకూడదు. అది అయ్యేక ఎల్దాం."

"డాక్టరుగారు రెండు వీధుల అవతలే కదా మావయ్యా."

"ఆయనెక్కడికీ పోడులే."

నేను రిక్షా తెచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. బతిమాలాను, తిట్టాను. వర్జ్యం దాటాకే కదిలాడు. అప్పటికి అత్తకి స్పృహ లేదు. "మాట తడబడగానే తేవాల్సిందమ్మా" అన్నారు డాక్టరుగారు. మావయ్య కిటికీ వైపు చూశాడు.

పెద్దకర్మ నాడు చుట్టాలందరి ముందూ ఆయన్ని కడిగెయ్యాలని కాచుకుని కూర్చున్నాను. వర్జ్యం రాకముందే ముగించాలని పొద్దున్నించీ అందరినీ తొందరపెట్టాడు. చివరికి పీట మీంచి లేస్తూ తూలి గోడ పట్టుకున్నాడు.

"ఏటో తల తిరగతందే."

"చేతులెత్తండి" అన్నాను. ఒకటి సగంలోనే ఆగిపోయింది. ఆయన కళ్ళల్లో భయం చూశాను. జాలి వేయలేదు, అబద్ధమెందుకు.

"వర్జ్యం... సూడమ్మా."

"ఇప్పుడే మొదలైంది మావయ్యా. పదండి" అని రెక్క పట్టుకుని గుమ్మం దాటించాను.

వేళకి చేరాం, బతికాడు. బతకాలి కూడా. నూరేళ్ళు బతకాలి. రోజూ బడికి వెళ్తూ, అరుగు మీద కూర్చున్న ఆయన దగ్గర ఆగి అడుగుతాను.

"ఇవాళ వర్జ్యం ఎప్పుడు మావయ్యా?"

తల దించుకుని, బాగుపడిన ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంటాడు.