బడి వంతు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక మధ్యాహ్నం తార్నాక బస్టాపులో రెండు గంటలు కూర్చున్నాను. బస్సులు ఆపింది మా యూనివర్సిటీ వాళ్ళే కాబట్టి ఎవరినీ తిట్టుకునే వీలు లేదు. పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు.

"ఏం చదువుతున్నవు బిడ్డా?"

"గ్రామాభివృద్ధి, కాకా."

ఆయన నన్ను గౌరవంగా చూశాడు. ఆ చదువుకు అంతకు ముందు అలాంటి చూపు దొరకలేదు.

వాళ్ళ ఊరి బడికి రెండేళ్ళుగా పంతులు లేడట. పశువుల మందకు వంతులు వేసుకున్నట్టే బడికీ వేసుకున్నారు. రోజుకొక ఇల్లు, ఆ ఇంట్లో చదువొచ్చిన మనిషి పాఠం చెప్పాలి. రేపు ఈయన ఇంటి వంతు. ఆ ఇంట్లో ఎవరికీ చదువు రాదు. ఒక్క రోజుకు ఎవరైనా విద్యార్థిని వెంట తీసుకెళ్దామని పొద్దుటినుంచి క్యాంపస్ అంతా తిరిగాడు.

"అందరు మంచిగనే మాట్లాడిండ్రు. నువ్వు వస్తవా?"

"తెలంగాణ వచ్చినంక తప్పకుండ వస్త."

"అందరు గదే అన్నరు." ఆ మాటలో నిష్ఠూరం లేదు.

"మరి రేపు బడి బందేనా?"

"బంద్ ఎందుకు? నేనే పోయి కూసుంట. పోరగాండ్లు చదువుతరు, నేను వింట. తప్పు చదివినా నాకు తెల్వదు, గంతే."

బస్సు రాదని తేలాక మల్కాజ్‌గిరి స్టేషన్‌కు నడిచి వెళ్ళిపోయాడు. వెనక్కి పిలవాలనిపించిందని రాస్తే బాగుంటుంది. నాకేమీ అనిపించలేదు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. వస్తానని మాటిచ్చినవాడు ఆ ఊరి పేరు అడిగి ఉండాలి. నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.