ఎర్రగా కనిపించిన తోట

ధర్మపురి నుంచి కరీంనగర్ వచ్చే బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషించాను. రైల్వే గేటు పడి బస్సు ఆగిపోయాక అదే బోనైంది. నడవ నిండా జనం. పక్కన కూర్చున్న పెద్దాయన సంచి నా కాళ్ల మీదే ఉంది.

ఆయనది మామిడి తోటట. ఊసుపోక మాటల్లో పడ్డాడు.

"మా బాపు కాలం నుంచి దీపావళి దాటినంక తోటకు నీళ్లు బంద్ జేస్తం. చెట్టు జర ఎండితెనే పూత వస్తది. గీసారి ఫోన్ల తోటంత ఎర్రగ కనవడ్డది, నీళ్లు వెట్టుమని మెసేజ్ వచ్చింది. ఉపగ్రహం పైనుంచి జూసి చెప్తదంటె నమ్మి మోటరు ఏసిన. అంత కొత్త ఆకే వచ్చింది. పూత రాలే."

ఆ మెసేజ్‌లు రాసేది నేనే. ఉపగ్రహం పంపే పటంలో తోట ఎర్రగా ఉంటే ఎండిపోతోందని లెక్క, నీళ్లు పెట్టమంటాను. కావాలనే ఎండబెడతారని నాకు తెలియదు, ఎవరినీ అడగనూ లేదు. మెడలోని ఆఫీసు కార్డును చొక్కా లోపలికి తోసుకున్నాను.

"నువ్వేం పని జేస్తవ్ బిడ్డా?"

"కంప్యూటర్ పని" అన్నాను.

"అయితె గిది జర సదువు, అద్దాలు తేలే" అని ఫోన్ చేతికిచ్చాడు.

పొద్దున నేను పంపిందే. పటమంతా పచ్చగా ఉంది. "మీ తోట ఆరోగ్యంగా ఉంది" అని చదివాను.

"ఆరోగ్యంగనే ఉన్నది బిడ్డా. కాయ గాయది, గంతే."

ఇప్పుడు ఏ తోట ఎర్రగా కనిపించినా ముందు రైతుకు ఫోన్ చేసి అడుగుతున్నాను. నంబరు నొక్కిన ప్రతిసారీ, అవతల పలికేది ఆయనేనేమోనని భయం.