కోతల పండుగకు చేప లేని పులుసు

ఇప్పుడు మేముంటున్న న్యూ టౌన్ ఫ్లాట్‌కు చేప ముక్కలుగానే వస్తుంది. పొలుసు తీసి, కడిగి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి గుమ్మం దగ్గర ఇచ్చి వెళ్తారు. దాని తల ఎలా ఉండేదో, తోక ఎలా ఉండేదో నాకు తెలియదు. చలి మొదలై కోతల పండుగ దగ్గరపడే రోజుల్లో మాత్రం ఆ డబ్బా మూత తీయగానే నాన్న చెరువు గుర్తొస్తుంది.

నాన్న రైల్వేలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. తాతగారి కాలంలో శ్రీకాకుళం పక్క నుంచి బెంగాలుకు వచ్చిన కుటుంబం మాది. ఖాళీగా కూర్చోలేక హౌరా దాటాక ఒక చిన్న చెరువు కౌలుకు తీసుకుని శీలావతి, బొచ్చె చేపలు పెంచడం మొదలుపెట్టారు. చిల్లులు పెట్టిన సంచుల్లో మేతగా తవుడూ ఆవచెక్కా నింపి, నీళ్లలో పాతిన వెదుళ్లకు కట్టేవారు. ఆదివారం ఆరాధన అయ్యాక మేమంతా బస్సెక్కి అక్కడికి వెళ్లేవాళ్లం. చేపలు వచ్చి సంచుల్ని పొడుస్తుంటే వెదుళ్లు కదిలేవి.

"అదిగో, తలుపు కొడతన్నాయి సూడు" అనేవారు నాన్న. అమ్మ గట్టు మీద గుడ్డ పరిచి పులిహోర విప్పేది. అంత ప్రశాంతంగా మళ్లీ ఎక్కడా అన్నం తిన్నట్టు నాకు గుర్తులేదు.

మా తెలుగు క్రైస్తవ సంఘంలో కోతల పండుగ నాడు ఎవరి కష్టఫలం వాళ్లు తెచ్చి, చర్చిలో బల్ల ముందు దేవుడికి కానుకగా పెడతారు. పొలాలే లేని ఊళ్లో కోతేమిటని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుకుంటారు. డాబా మీద కాసిన ఆనపకాయ, మిషను మీద కుట్టిన గౌను, ఎండలో కూర్చుని పెట్టిన ఊరగాయ, మాకు అవన్నీ కోతే. నాన్న ఏటా తెచ్చేది ఒకటే. చెరువులోకెల్లా పెద్ద శీలావతి, అరిటాకు మీద. సంఘమంతా తినే మధ్యాహ్నం పులుసుకు చేపలు కూడా అక్కడివే.

"రొట్టెల సంగతి మేం సూసుకుంటాం, సేపలు నువ్వు తెచ్చీ మావా" అని సంఘపెద్ద, ప్రభువు రొట్టెలూ చేపలూ వేలమందికి పంచిన కథ పట్టుకుని, ప్రతి ఏడూ అదే హాస్యం ఆడేవాడు. ప్రతి ఏడూ అందరం నవ్వేవాళ్లం.

బల్ల ముందు పెట్టే ఆ చేప మీద ఒక్క మచ్చ ఉండకూడదు. కుంటిదాన్నీ గుడ్డిదాన్నీ బలిపీఠం దగ్గరికి తేవద్దన్న ప్రవక్త మాట నాన్న చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టారు. అందుకని పండుగకు కొన్ని వారాల ముందు నుంచి, చేపలకు ఏ జబ్బూ లేకపోయినా, యాంటీబయాటిక్ పొడి కొనుక్కొచ్చి మేతలో కలిపేవారు. కలిపే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవారు. బల్ల మీద వేసే గుడ్డను అమ్మ ఉతికి గంజి పెట్టినట్టే అదీ పండుగ పనుల్లో ఒకటి.

పక్క చెరువు బెంగాలీ దాదా గట్టు మీద నుంచి ఏడిపించేవాడు. "కాకా, మీ దేవుడు చేపను తింటాడా, పెళ్లిచూపులు చూస్తాడా?"

నాన్న తన వచ్చీరాని బెంగాలీలో, "మా ఠాకూర్‌కి కళ్లు బాగా కనిపిస్తాయి, నీలాగ కాదు" అనేవారు.

కొన్నేళ్ల కిందట, పండుగ ఇంక నెల కూడా లేదనగా, వెదుళ్లు కదలడం మానేశాయి. చేపలు గట్టు వారకు చేరి నీళ్ల పైన నోళ్లు తెరిచేవి. పొట్ట కింద ఎర్రటి మచ్చలు, రెక్కల మొదళ్ల దగ్గర కమిలిన చర్మం, లేచిపోయిన పొలుసు. నాన్న మొదట కంగారుపడలేదు. మందు ఉంది కదా. కలిపారు. రెండోసారి ఇంకాస్త ఎక్కువ కలిపారు. ఉదయం వెళ్లేసరికి చచ్చినవి గట్టుకు కొట్టుకొచ్చి ఉండేవి.

"అవి మేతే ముట్టకపోతే మందు లోపలికెలగెల్తాదండీ?" అంది అమ్మ.

బతికి ఉన్న ఒక చేపను నీళ్ల సంచిలో పెట్టుకుని నేనూ నాన్నా చేపల జబ్బులు చూసే ప్రభుత్వ ల్యాబుకు వెళ్లాం. అక్కడి డాక్టరు నా వయసు అమ్మాయి. కొన్నాళ్లకు మళ్లీ రమ్మంది. వెళ్తే ఒక గుండ్రటి గాజు పళ్లెం చూపించింది. చేపలోని క్రిముల్ని అందులో పెంచి, మధ్య మధ్య చిన్న చిన్న మందు బిళ్లలు పెట్టారట. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిములు చచ్చి ఖాళీ వలయం కనిపించాలి. మేం వాడిన మందు బిళ్ల చుట్టూ ఖాళీ లేదు. క్రిములు దాని అంచు దాకా దట్టంగా పెరిగి ఉన్నాయి.

"ఈ మందు ఇంతకుముందు ఎప్పుడైనా వాడారా?" అని అడిగింది.

"ప్రతి ఏడూ" అన్నారు నాన్న, కొంచెం గర్వంగానే.

"జబ్బు చేసినప్పుడా?"

"జబ్బు రాకుండానే. పండక్కి."

ఆమె నవ్వలేదు. వేసిన ప్రతిసారీ బలహీనమైన క్రిములు చచ్చాయనీ, తట్టుకున్నవి మిగిలి పెరిగాయనీ, ఇప్పుడు చెరువులో ఉన్నవి వాటి సంతానమేననీ నెమ్మదిగా చెప్పింది. చెరువు ఖాళీ చేసి, ఎండబెట్టి, సున్నం చల్లాలంది. చూపుకు బాగున్న చేపల్ని కూడా తినొద్దంది. ఆ మందు ఇంకా వాటి మాంసంలోనే ఉంటుందట.

బస్సులో నాన్న కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. దేవుడు శిక్షించాడని ఆయన అనలేదు. నేనూ అలా నమ్మను, నేనెరిగిన పరలోకపు తండ్రి అలాంటివాడు కాడు. హౌరా వచ్చాక మాత్రం, "ఆయన లోపల సూస్తాడని పదిమందికీ సెప్పినాను. నాను పైనే సూసుకున్నాను" అన్నారు.

ఆ సాయంత్రమే సంఘపెద్ద ఇంటికొచ్చాడు. నాన్న చేపల్లేకుండా పండుగేమిటన్నది ఆయన బాధ.

"ఏటి మావా, ఇన్ని సేపల్లో బాగున్నవి నాలుగు ఏరనేవా? మరిగే పులుసులో ఏ పురుగు బతుకుతాది?"

"పురుగు సస్తాది. మందు సావదు కదా."

"ఎవలికి తెలుస్తాదీ?"

నాన్న ఆయన వైపు చూశారు. సంఘపెద్ద టీ తాగి, మెడలో మఫ్లరు సర్దుకుని లేచాడు.

చెరువు ఖాళీ చేసిన రోజు బెంగాలీ దాదా వచ్చి పార పట్టాడు, ఒక్క ఎగతాళి మాట కూడా ఆడలేదు. చేపల్ని లోతుగా గోతి తీసి, సున్నం వేసి పూడ్చారు. పెద్ద శీలావతి ఒంటి మీద నిజంగానే ఒక్క మచ్చ కూడా లేదు. నాన్న దాన్ని అన్నిటి తర్వాత గోతిలో పెట్టారు.

పండుగకు వెళ్లనన్నారు. ఖాళీ చేతులతో ఎలా వెళ్లడమని. అమ్మ ఊరుకోలేదు.

"సేప నేదు గానీ నా సెయ్యి ఉన్నాది కదా. పదండి."

చేపల పులుసు ఎలా పెడుతుందో అలాగే పెట్టింది. అదే చింతపండు, అదే ఉల్లికారం, అదే మెంతిపొడి. చేపలకు బదులు వంకాయా ములక్కాడా. మొదటి గరిటె గిన్నెలోకి తీసి నాన్న చేతికిచ్చింది. ఆనపకాయల పక్కన, గౌన్ల పక్కన, ఆయన దాన్ని బల్ల ముందు పెట్టి తల వంచుకుని నిలబడ్డారు. పాస్టరుగారు అన్నిటితో పాటు దాన్నీ దీవించారు.

బంతిలో అందరూ అన్నం కలుపుకున్నారు. వేళ్లు అలవాటు కొద్దీ ముద్దలో ముళ్లు వెతుకుతున్నాయి. ఒక ముసలావిడ ములక్కాడ పీచును ఆకు అంచున జాగ్రత్తగా వరుసగా పేర్చింది. వడ్డిస్తున్న నాన్న మా వరసకు వచ్చి, నా ఆకులో పులుసు పోస్తూ, ఎప్పటిలాగే, "ముల్లు సూసుకోయే" అన్నారు.

ముందు నవ్వింది సంఘపెద్దే. తర్వాత బంతంతా. గరిటె పట్టుకుని నిలబడ్డ నాన్న, చాలా రోజుల తర్వాత, తనూ నవ్వారు.