మా ఇంట్లో దాటేసిన ప్రార్థన

వానల్లేక వేరుశనగ ఎండిపోయిన ఏడాది, కూలికని బెంగళూరు పోయిన నాయన వారం వారం ఎస్టీడీ బూతుకు చేసే ఫోన్ ఆగిపోయింది. అప్పటినుంచి గుత్తిలో మా కథోలిక గుడి ఆడవాళ్లు రోజూ సాయంత్రం సంకటి తెచ్చిపెట్టి, అమ్మ పక్కన కూర్చుని జపమాల చెప్పేవాళ్లు. చివర్లో చనిపోయినవాళ్ల కోసం చేసే ప్రార్థనను మాత్రం మా ఇంట్లో దాటేసేవాళ్లు.

ఒకరోజు ఒక ముసలమ్మ అలవాటుకొద్దీ "నిత్య విశ్రాంతి" అని ఆ ప్రార్థన మొదలుపెట్టి, నాలుక కరుచుకుంది. "తప్పైపోయిందమ్మా," అంది.

"చెప్పు అవ్వా," అంది అమ్మ. "నేను దినామూ మనసులో చెప్పుకుంటానే ఉండాను."

అమ్మ మీద ఆనాటి కోపం నాకింకా పోలేదు. ఆ ప్రార్థన ఎక్కడ వినబడినా వాకిలి వైపు చూస్తాను.