కోతికి మన మాట రాదు

పసిపిల్లలకు పరాయి భాష నేర్పడం టీచరమ్మ పని. అందుకు ఆవిడకున్న పెద్ద దిక్కు, పాత మేజోడుతో తనే కుట్టుకున్న గుడ్డకోతి. చేతికి తొడుక్కుని ఆడిస్తుంది. దానికి మన భాష ఒక్క ముక్క రాదని మొదటిరోజే చెప్పేస్తుంది. దానితో ఆడాలన్నా, కథ చెప్పించుకోవాలన్నా దాని భాషలోనే అడగాలి. ఎవరైనా నోరు జారితే కోతి బిక్కమొహం వేసుకుని సంచిలో దూరిపోతుంది. ఈ విషయంలో ఆవిడ మహా మొండి. సాక్షాత్తూ హెడ్మాస్టరు మన భాషలో పలకరించినా కోతి ఉలకదు, పలకదు.

ఓ మధ్యాహ్నం టీచరమ్మ భోజనం చేసి వస్తుంటే క్లాసులోంచి మన మాటలు వినపడ్డాయి. తలుపు సందులోంచి చూసింది. పిల్లలు కోతిని సంచిలోంచి తీసి బల్ల మీద కూర్చోబెట్టారు.

"అమ్మ అను. అ...మ్మ," అంటోంది ముందుపళ్ళు ఊడిన పిల్ల.

"గట్టిగా చెప్పవే. మనిళ్ళకొస్తే పాపం దీనికి ఎవరి మాటా అర్థం కాదు," అన్నాడు పక్కవాడు.

టీచరమ్మకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా! వీపులు చిట్లగొడదామని తలుపు తోయబోయి ఆగిపోయింది.

ముందుపళ్ళు లేని పిల్ల ఇప్పుడు కోతి భాషలోకి దిగింది. అమ్మ అంటే అన్నం పెట్టేదనీ, భయమేస్తే పక్కన పడుకునేదనీ, తడుముకుంటూనే, ఎక్కడా ఆగకుండా కోతికి బోధపరుస్తోంది. అన్ని వాక్యాలు ఆ పిల్ల నోట టీచరమ్మ ఎన్నడూ వినలేదు.

మర్నాడు క్లాసులో కోతి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, "అమా" అంది.

పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ తర్వాత దాని తప్పు దిద్దడానికి ఎగబడ్డారు, అందరూ కోతి భాషలోనే.